చివరి రెండు అంకెలు

వీరరాఘవయ్య గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ఆ రోజు పాఠం ముగిశాక శిష్యుడు గరుడాచలం, "ఎవరినీ ఏదీ అడగనక్కరలేని స్థితి సాధనతో వస్తుందా గురువుగారూ?" అన్నాడు. ఆయన తనకు తెలిసిన హైమ అనే ఆవిడకు జరిగింది చెప్పారు.

హైమ తల్లిని తీసుకుని జమ్మూ వైపు యాత్రకు వెళ్ళింది. కొండ దిగుతుండగా తల్లికి ఆయాసం ఎక్కువై, కింద ఊళ్ళో ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆవిడకు ఏదో ఒక ఇంజెక్షన్ పడదు. దాని పేరు హైమకు గుర్తు లేదు. పాత రిపోర్టులో ఉంది. ఆ రిపోర్టు మెయిల్లో ఉంది. "పేరు తెలియకుండా మందు ఎక్కించలేను, తొందరగా చూడండి" అన్నాడు డాక్టరు.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీరులో పనిచేయవు, హైమదీ అదే. ఆస్పత్రి వైఫై అయితే దొరికింది. సిగ్నల్ నిండుగా ఉంది, వార్తలు వస్తున్నాయి, మెయిల్ మాత్రం తిరుగుతూనే ఉంది. వైఫై ఆపి మళ్ళీ కలిపింది. ఫోను ఆపేసి మళ్ళీ ఆన్ చేసింది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. ఈ వైఫైలో మెయిల్ యాప్ తెరుచుకోదనీ, బ్రౌజర్లోంచి వెళ్ళమనీ నర్సు చెప్పింది. అలా వెళ్తే, కొత్త చోటు నుంచి వచ్చారు గనక మీరు మీరేనని రుజువు చేసుకోమంది మెయిల్. కోడ్ పంపామంటూ ఒక నంబరులో చివరి రెండు అంకెలు చూపించింది.

మిగతా అంకెలు హైమకు నోటికి వచ్చు. అవి అక్క పద్మాసనివి. ఆ మెయిల్ తన నంబరుతో పెట్టిచ్చింది అక్కే. తండ్రి కర్మల దగ్గర మాటా మాటా పెరిగి, మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. వేరే దారేదైనా ఉందేమోనని తెర మీద కనిపించినవన్నీ నొక్కి చూసింది హైమ. ఏదీ లేదు. చివరికి నర్సు ఫోను అడిగి తీసుకుంది.

"అక్కా, నేను. హైమని."

అక్క పెట్టేస్తుందేమోనని వెంటనే అడిగింది:

"అమ్మతో ఆస్పత్రిలో ఉన్నాను. నీకో కోడ్ వచ్చుంటుంది. చెప్తావా?"

పద్మాసని అంకెలు ఒక్కొక్కటే చదివింది. హైమ తప్పు నొక్కితే, మళ్ళీ మొదటి నుంచి చదివింది. మెయిల్ తెరుచుకుందని విన్నాకే అడిగింది: "అమ్మకేమైందే?"

హైమ గోడకు ఆనుకుని ఏడ్చింది. అక్క ఫోను పెట్టేయకుండా అలాగే ఉండిపోయింది.

ఇంజెక్షన్ పేరు దొరికింది, డాక్టరు వేరే మందు ఇచ్చాడు. సాయంత్రానికి తల్లి లేచి కూర్చుంది.

గరుడాచలం, "ఇంకోసారి అక్కను అడగనక్కర లేకుండా ఆవిడ ఆ మెయిల్‌కి తన సొంత నంబరు పెట్టుకునే ఉంటుంది" అన్నాడు.

"మొన్న కనిపిస్తే నేనూ అదే అడిగాను" అన్నారు వీరరాఘవయ్య గారు, మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా లేస్తూ. "అక్కదే ఉంచానంది."