వెనకనుంచి పిలుపు

కూర్మయ్య గురువుగారిని ప్రశ్న అడిగితే జవాబుకు ముందు పని చెప్పేవారు. అందుకే భీమిలి కొండమీది ఆయన ఆశ్రమంలో ప్రశ్నలు తక్కువ, వాకిలి శుభ్రం ఎక్కువ అని శిష్యులు నవ్వుకునేవారు.

ఒక ఉదయం పైడిరాజు సంచీ భుజాన వేసుకుని సెలవు తీసుకోవడానికి వచ్చాడు. జాలరిపేటలో పుట్టి, రగ్బీ ఆడి, దేశం తరఫున ఎన్నో దేశాల మట్టి తొక్కినవాడు. మోకాలు విరిగాక జట్టులో చోటు పోయింది. నిన్న భుజాలకెత్తుకున్నవాళ్లే ఇవాళ పేరు మరిచారు. పేటలో ఆడపిల్లలకు ఇసుకలో ఆట నేర్పుతున్నాడు గానీ, వాళ్లు పరుగెడుతుంటే తాను ఒడ్డున నిలబడి చూడడం పుండుమీద కారంలా ఉండేది. బంతి కనిపించని ఊరికి పోయి ఏ గోదాముకో కాపలా కాద్దామని నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి పిల్లలకు చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

"ఆట నన్నొదిలేసినాది గురువుగారూ. దాన్ని నేనెలా ఒదలాల?" అన్నాడు.

గురువుగారు బంతికి బదులు వంటింట్లోంచి కొబ్బరికాయ ఒకటి తెప్పించి, ఆ ఆటేమిటో చూపించమన్నారు. పైడిరాజు అయిష్టంగానే మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి కాలి కుంటు సంగతే మరిచిపోయాడు. మనిషి ముందుకే పరుగెత్తాలనీ, బంతి మాత్రం చేత్తో ముందుకు విసరకూడదనీ, వెనక వచ్చేవాడికే అందించాలనీ వివరించాడు. వెనక ఎవరున్నారో ఎలా తెలుస్తుందని గురువుగారు అడిగారు.

"పిలుస్తారండి. ఆ పిలుపుకే చెవి ఒగ్గి పరిగెడతాం. అది ఇనబడకపోతే ఎంత బలమున్నోడైనా నలుగురి కింద పడి నలిగిపోవాల్సిందే."

గురువుగారు విభూతి పెట్టి వెళ్లిరమ్మన్నారు. ఇంతేనా అని పైడిరాజు మనసు చివుక్కుమంది.

అతను మెట్లు దిగబోతుండగా, పెరటిదారిన రొప్పుతూ వచ్చింది ఆ పిల్లల జట్టు నాయకురాలు సత్యవేణి. అతను సంచీతో కొండెక్కడం ఎవరో చూసి చెప్పారట.

"అన్నా, ఒకపాలి ఆగు. రేపట్నుంచి మాకెవులు నేర్పుతారు?"

బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలుస్తారా అని శిష్యులు ఆమెను కసిరారు. శకునం చెడింది, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లమని అతనికి చెప్పారు. పైడిరాజు వెనక్కి తిరగలేదు, మెట్టూ దిగలేదు.

గురువుగారు నెమ్మదిగా వచ్చి ఆ కొబ్బరికాయను అతని చేతిలో పెట్టారు.

"మీ ఆటలో కూడా అది అపశకునమేనా, పైడిరాజూ?" అన్నారు.