పుర్రెయ్య కట్టించిన గోడ

ఒకప్పుడు ప్రతి తలలోనూ మెదడు రెండు ముక్కలుగా ఉండేది, మధ్యలో గోడ. కట్టించింది ఇంటి యజమాని పుర్రెయ్య. "ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్లా? జుట్లు పట్టుకుంటారు" అన్నాడు. వాళ్లని మాత్రం ఒక్క మాట అడగలేదు.

పైడి అనే పిల్ల తలలోనూ అంతే. ఎడమవైపు ఎడమమ్మ, మాటకారి. నోరూ, కుడిచెయ్యీ ఆమె చెప్పినట్టు నడిచేవి. కుడివైపు ఆమె చెల్లెలు కుడెమ్మ. దారులూ ముఖాలూ ఇట్టే గుర్తుపట్టేది. ఎడమచెయ్యి ఆమెది.

ఒకరోజు పైడి నేరేడు చెట్టెక్కింది. కుడిపక్క నల్లటి గుత్తి కనబడింది. చెల్లి ఎలాగూ కొమ్మ పట్టుకునే ఉంటుందని ఎడమమ్మ కుడిచెయ్యి చాపింది. ఎడమపక్క ఇంకో గుత్తి. అక్క పట్టుకునే ఉంటుందని కుడెమ్మ ఎడమచెయ్యి చాపింది.

ఇంకేముంది, రెండు చేతులూ గాల్లోనే.

పైడి జర్రున జారింది. పరికిణీ కొమ్మకి తగులుకుని ఆగింది. అదీ పరపరా చిరుగుతోంది.

"చూశారా, ఆడవాళ్ల గొడవ" అన్నాడు పుర్రెయ్య.

"గొడవ పడాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదండీ" అంది ఎడమమ్మ.

ఇంతలో గోడ పగుల్లోంచి సన్నటి దారం ఒకటి ఆమెకి తగిలింది. అవతలినుంచి కుడెమ్మ తోస్తోంది. ఎడమమ్మ ఆ దారం అందుకుని తనదీ అటు పంపింది. ఒకటి, ఇంకొకటి, బోలెడన్ని. గోడ పొడిపొడిగా రాలిపోయింది.

"నేను కొమ్మ పట్టుకుంటా, నువ్వు పరికిణీ విడిపించవే" అంది అక్క.

"సరే. ఈసారి వదిలేముందు చెప్పి వదులు" అంది చెల్లి.

చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ పైడి కిందికి దిగింది, నోటినిండా నేరేడుపళ్లతో.

"ఎవర్నడిగి గోడ కూల్చారు?" అన్నాడు పుర్రెయ్య.

"మీరెవర్నడిగి కట్టారు?" అన్నారిద్దరూ ఒక్కసారే.

ఈ కబురు అన్ని తలలకీ పాకింది. అన్ని గోడలూ రాలాయి.

అప్పటినుంచే మెదడు రెండు సగాల మధ్యా కోట్ల దారాల వంతెన ఉంది. ఎడమచేతిని చీమ కుడితే చెల్లి అక్కకి చెబుతుంది, అక్క నోటిచేత "అబ్బా" అనిపిస్తుంది. రెండు చేతులూ కలిసి జడ అల్లుతాయి. పుర్రెయ్య మాత్రం బిగుసుకుపోయి బయటే కాపలా కాస్తుంటాడు. లోపలి కబుర్లు ఒక్కటీ ఆయన చెవిన పడవు.