కొమ్ముల్లేని కుందేలు తల దించుకున్న వారం

నల్లకొండ వెనక ఒక బడి ఉండేది. దూరదూరపు అడవుల నుంచి ఈడొచ్చిన జంతువులు అక్కడికి వచ్చి జాడలు చదవడం, గాలిలో వాసన పట్టడం నేర్చుకునేవి. ఆ ఏడు మంచు దిగినప్పటి నుంచి ఒక్కొక్కటే మాయం కాసాగాయి. మొదట అడవిపంది పిల్ల, తర్వాత నెమలి. వాటి అడుగులు ఊబిదాకా ఉన్నాయి. తిరిగొచ్చిన అడుగుల్లేవు. ఎవరో ఈడ్చుకెళ్ళిన గుర్తూ లేదు. వాటంతటవే నడిచి వెళ్ళాయి.

ఎందుకు వెళ్ళాయో దుప్పి చుక్కన్నకు తెలుసు. పొద్దున్నే మంచులో వాడికీ ఒక గొంతు వినిపిస్తోంది. అచ్చం తన గొంతే.

"నీ కొమ్ములు వంకర. అందరూ వెనకాల నవ్వుతున్నారు. మీ అమ్మ చూస్తే సిగ్గుతో చచ్చిపోతుంది. ఊబి వైపు పో. అక్కడ నిన్ను చూసేవాళ్ళుండరు."

తన గొంతు తనకే అబద్ధం చెబుతుందా? చుక్కన్న మేత మానేశాడు. చెబితే పిచ్చెక్కిందంటారని ఎవరికీ చెప్పలేదు.

పాఠాలు చెప్పే ముసలి అడవిగేదె నీలవ్వ పైకి తేలిన వాడి పక్కటెముకలు చూసింది. వాడినీ, మేత మానేసిన మరో నలుగురినీ బండ దగ్గర కూర్చోబెట్టింది.

"లోపల ఏం వినిపిస్తోందో పైకి చెప్పండర్రా."

 బూరి అనే కుందేలు గొణిగింది.

"నా కొమ్ములు వంకరట అవ్వా. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోతుందట."

చుక్కన్న చటుక్కున తలెత్తాడు. అవి తనకు వినిపించిన మాటలే!

"నీకు కొమ్ములెక్కడివే?" అంది నీలవ్వ.

బూరి తల తడుముకుంది. "అవును కదా! వారం నుంచి తల దించుకునే తిరుగుతున్నానే!"

"నాకూ అదే మాట," అన్నాడు చుక్కన్న. "కానీ నావి నిజంగానే వంకర. అందరూ నవ్వారు కూడా."

"సరే. నవ్వారన్నావు. ఎవరు నవ్వారు? కళ్ళారా చూశావా?" అని అడిగింది నీలవ్వ.

"...లేదు."

"నిన్న ఆ వంకర కొమ్ముతోనే కదా నాకు అందని రెమ్మ దింపిపెట్టావు?" అంది బూరి.

మర్నాడు మంచు ఇంకా దట్టంగా పట్టింది. గొంతు మళ్ళీ వచ్చింది. అబద్ధమని తెలిసినా చుక్కన్న కాళ్ళు ఊబి వైపే కదిలాయి. నాలుగడుగులు వేశాక గట్టిగా ఊపిరి పీల్చి అరిచాడు.

"బూరీ! నాకు వినిపిస్తోంది!"

"నాకూ!" అని కుడివైపు నుంచి బూరి. "నాకూ!" అని వెనక నుంచి ఇంకొకరు. మంచు నలుమూలలా కేకలు లేచాయి.

గొంతు ఠక్కున ఆగింది. ఊబి ఒడ్డున పొంచి, ఎవరి గొంతుతో వాళ్ళనే పిలిచి, ఒంటరిగా వచ్చేవాళ్ళను తినడం మరిగిన గుంటనక్క బెదిరిపోయి వెనక్కి దూకింది. వెనక ఉన్నది ఊబే.

"చుక్కన్నా, రా! నేను నీ మనసునిరా!" అని అది మెడదాకా కూరుకుపోతూ కూడా వాడి గొంతుతోనే పిలిచింది.

చుక్కన్న అటు వెళ్ళలేదు. పక్కకొచ్చి నిలబడిన బూరిని అడిగాడు. "నీకెవరి గొంతులా ఉంది?"

"నా గొంతులా."

ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, అది ఆగేదాకా.

నీతి: మనసులో వినిపించే మాట ఎంత మన గొంతులా ఉన్నా, అయినవాళ్ళ ముందు పైకి చెప్పి నిజమో కాదో చూసుకోవాలి.