ఎడమచేతి హీరో

సాయంత్రం అయిదున్నర దాటింది. పొద్దుటినుంచీ పట్టిన ముసురు అప్పుడే కాస్త తెరిపిచ్చింది.

ఊరి చివర బీడుభూమిలో టూరింగ్ టాకీసు డేరా వేసి నెల కావస్తోంది. డేరా వెనకవైపు సరిగ్గా పశువుల పాకకి ఎదురుగా వచ్చింది. గాలి ఆడాలని వెనక గుడ్డ పైకెత్తి కడతారు. తెర పల్చటిది. అందుకని మనుషులు అటువైపు టిక్కెట్టు కొని చూసే బొమ్మ, ఇటువైపు పాకలో జంతువులకి ఊరికే కనబడుతుంది. రెండు రోజులకో సినిమా మారుతుంది. పాకలో పనీపాటా మూలపడింది. అందరూ విమర్శకులైపోయారు.

కౌజురంగు కోడిపెట్ట మాత్రం ఆ గుంపులో ఉండీ లేనట్టే ఉంటోంది.

దానికి ఆరుగురు పిల్లలుండేవారు. గూడేమో డేరాకి ఆ చివర, మనుషులు లోపలికి వెళ్ళే ముందువైపు, గడ్డివాము పక్కన. కత్తియుద్ధాల సినిమా ఆడిన రాత్రి అయిదుగురిని వెంటబెట్టుకుని పాకకి వచ్చింది. ఆరోది నిద్రకి ఆగలేక గూట్లోనే ఉండిపోయింది. తిరిగి వెళ్ళేసరికి అక్కడ కాసింత నూగు మిగిలింది. అంతే. అప్పట్నుంచీ పెట్టకి మాట తగ్గింది. ఆకు కదిలితే మెడ తిప్పుతుంది.

కాపలాకుక్క భైరవుడు ఆ మర్నాడే తేల్చేసింది. "కాలవలో పడి కొట్టుకుపోయింది. వాన, చీకటి, కాలుజారుడు. కేసు మూసేశా."

అపరాధ పరిశోధన సినిమా చూసిన కొత్తలో అది అలాగే మాట్లాడేది.

"నిన్నటి బొమ్మ ఎలా ఉందంటావు మైలన్నా?" అని మొదలుపెట్టింది మేకపోతు, దేన్నో నములుతూ.

మైలెద్దు తొందరపడి చెప్పే రకం కాదు. "ఉండరా. ఇంకా మొదటి సగమే నెమరేస్తున్నా." కాసేపు దవడ ఆడించి అంది. "కథ మంచిదే. అత్తాకోడళ్ళు కలిసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. కానీ ఒక్కటే నచ్చలేదు. అంత పరువుగల కొంప కదా, పెళ్ళి పంక్తిలో అందరూ ఎడంచేత్తో భోంచేస్తారా? పెళ్ళికూతురి నెత్తిన ఎడంచేత్తో అక్షింతలేస్తారా? ఏం పెంపకం అది?"

"సినిమావాళ్ళకి ఆచారాలెక్కడివి మావా!" డేగపుంజు రెక్కలు టపటపలాడించింది. "నాకా ఏడుపులు పడవు. కత్తియుద్ధం సినిమా, అదీ సినిమా అంటే! హీరో ఎడంచేత్తో ఒక్కసారి కత్తి తిప్పాడంటే పదిమంది పడ్డారు. గమనించారో లేదో, వీరులంతా ఎడమచేతి వాటమే. నేనూ కుడికాలు నేల మీద ఆనించి ఎడంకాల్తోనే తంతాను."

"తన్నించుకున్నప్పుడు ఏ కాల్తో పరిగెడతావేం?" అంది మేకపోతు.

"ఒరే పోతూ, నువ్వసలు సినిమా చూస్తావా?"

"చూడ్డమెందుకు? పోస్టరు నమిల్తే చాలు. ఏడుపు సినిమాది మెత్తగా ఉంది, ఇట్టే దిగిపోయింది. హాస్యం సినిమాకి మైదాజిగురు దండిగా పట్టించారు, బలమైన తిండి. దెయ్యం సినిమాది మాత్రం వద్దు. అంతా నల్లరంగే. రెండ్రోజులు కడుపులో దెయ్యమే."

"మరి నా కత్తి సినిమా?"

"అబ్బో! దాని పోస్టరు ఈ ఊరికి ఒకే ఒక్కటి అంటించారు. తడారకముందే లాగించేశా. అంటించినవాడూ నేనూ తప్ప దాన్ని చూసినవాడు లేడు."

భైరవుడు తోక విదిల్చింది. "మీ గోల సరే. పరిశోధన సినిమాలో హంతకుడెవరో నేను విశ్రాంతికే చెప్పానా లేదా?"

"చెప్పావు. మేనమామన్నావు. తీరా చూస్తే వంటవాడు," అంది మేకపోతు.

"వంటవాడి మీద కూడా నాకు అనుమానముంది. పైకి చెప్పలేదంతే."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో అందరికంటే సొగసైన నవ్వు నక్కబావది.

నక్కబావ ఈ సభకి కొత్తగా వస్తోంది. వచ్చిన మొదటిరోజే రెండు కాళ్ళూ జోడించి చెప్పుకుంది. "పౌరాణికం చూశాక నా కళ్ళు తెరుచుకున్నాయి. జీవహింస మానేశా. ఇప్పుడు రేగుపళ్ళూ సినిమాలూ, అంతే నా బతుకు." ఎద్దుకి కళ్ళు మళ్ళీ చెమర్చాయి. కుక్క వాసన చూసి సరేనంది. ఎవరి అభిప్రాయాన్ని వాళ్ళ దగ్గర మెచ్చుకోవడం నక్కకి వెన్నతో పెట్టిన విద్య. పుంజుని "బావా, నీ కన్నే కన్ను" అంటుంది. కుక్కని "మీ ముందు ఆ సినిమా పోలీసెంత" అంటుంది. నాలుగు రోజుల్లో సభకి అదే పెద్దయి కూర్చుంది.

ఇప్పుడు పాక మధ్యలో, వరిగడ్డి మోపుకి ఆనుకుని కూర్చుంది. దాని ముందుకాళ్ళ మధ్యన అయిదుగురు కోడిపిల్లలు.

పిల్లలకి ఆ నక్కమామంటే ప్రాణం. హాస్యం సినిమాలో లావుపాటాయన బావిలో ఎలా పడ్డాడో అది చేసి చూపిస్తుంటే కిచకిచలాడి దొర్లుతున్నారు. కౌజుపెట్ట అటే చూస్తోంది. ఒక్క గింజ కూడా ఏరడంలేదు.

"ఇవాళ పిల్లల బొమ్మట," అంది నక్క. "మీ పెద్దాళ్ళ కాళ్ళ సందుల్లోంచి ఈ పసివాళ్ళకేం కనబడుతుంది? నాతో పంపండి. పాక వెనక దిబ్బ ఎక్కిస్తా. తెర మొత్తం కనబడుతుంది. ప్రతి సినిమా నేనక్కణ్ణుంచే కదా చూస్తున్నది!"

"అన్నీనా?" అంది పెట్ట.

"ఒక్కటీ వదల్లేదు చెల్లెమ్మా."

"కత్తియుద్ధం సినిమా?"

"అదీ అంతే. మొదలు నుంచి శుభం దాకా దిబ్బ దిగితే ఒట్టు!"

"వెళ్తామమ్మా! అమ్మా, వెళ్తాం!" పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు.

"నా పిల్లలు రారు."

సభ చప్పున చల్లబడింది. మైలెద్దు గొంతు సవరించుకుంది. భైరవుడు చెవి గోక్కుంది. డేగపుంజుకి జుట్టు ఇంకాస్త ఎర్రబడింది.

"ఏమే! ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారా? పెద్దమనిషి అడిగితే ఇలాగా చెప్పడం? కాలవ చేసిన పనికి లోకాన్నంతా అనుమానిస్తావా? పిల్లలు వెళ్తారు. నేను చెబుతున్నా."

పెట్ట ఏమని మాట్లాడుతుంది? దాని దగ్గరున్నది భయమొక్కటే. భయం సాక్ష్యం కాదని భైరవుడు ఎప్పుడో చెప్పేసింది. డేరా దగ్గర మైకులో పాట మొదలైంది. ఇంకాసేపట్లో పొద్దు వాలుతుంది. ఆట మొదలవుతుంది. ఆ ముందుకాళ్ళ మధ్యనుంచి పిల్లల్ని లాగబోతే నక్క ఇప్పుడే నోరు తెరవచ్చు. లాగకపోతే దిబ్బ మీద తెరుస్తుంది.

నక్క ఇదేమీ పట్టించుకోనట్టు పిల్లలకి కత్తియుద్ధం కథ ఎత్తుకుంది. "అప్పుడు హీరో ఏం చేశాడూ, సర్రుమని ఇలా కత్తి దూశాడు!" అని కుడికాలు గాల్లో ఆడించింది.

పుంజూ ఎద్దూ దెయ్యం సినిమా గురించి వాదులాటలో ఉన్నారు. చూడలేదు. పెట్ట చూసింది.

ఆ కాలు కుడిది.

ఆ రాత్రి ఆరో పిల్ల కోసం పరుగెత్తుతూ అది డేరా ముందువైపుకి వెళ్ళింది. పోతూపోతూ ఒక కన్ను తెర మీద పడింది. ఇటు ఎడంచేతిలో ఉన్న కత్తి అటు కుడిచేతిలో ఉంది. అప్పుడు దాన్ని గురించి ఆలోచించే మనసెక్కడిది?

ఇప్పుడు ఆలోచించింది. నక్క వైపు రెండడుగులు వేసింది.

"అన్నయ్యా," అంది.

నక్క ఉబ్బిపోయింది. వచ్చినప్పట్నుంచీ పెట్ట దాన్ని ఏ వరసా కలిపి పిలవలేదు మరి. "ఏం చెల్లెమ్మా?"

"ఆ యుద్ధం నేను సగమే చూశాను. నువ్వైతే చక్కగా చేసి చూపిస్తావు. లేచి చూపించవూ?"

"అలా అడుగు!" అంది పుంజు, పెళ్ళాం దారికొచ్చిందని సంబరపడి. "కానియ్ బావా!"

నక్క లేచి ఒళ్ళు విరుచుకుంది. మూలనున్న ముల్లుగర్ర తీసుకుంది.

"పిల్లలూ," అంది పెట్ట, "కత్తి తిరిగేచోట కూర్చోకూడదు. మైలన్న కాళ్ళ వెనక్కి రండి. అక్కణ్ణుంచి బాగా కనబడుతుంది."

పిల్లలు గునగునా నడిచొచ్చారు. చివరిది మధ్యలో ఆగి నక్కమామకి టాటా చెప్పొచ్చింది. పెట్ట దాన్ని రెక్కతో లోపలికి తోసింది.

నక్క వెనక్కాళ్ళ మీద నిలబడింది. కళ్ళెర్రజేసింది. ముల్లుగర్రని కుడిచేత్తో గిరగిరా తిప్పి ఒక గెంతు గెంతింది. "రారా ద్రోహీ!"

"ఆగాగు బావా!" పుంజు అడ్డం పడింది. "కుడిచెయ్యేమిటి? ఎడంచెయ్యి!"

"కుడే."

"ఎడం!"

"కుడే బావా. సినిమా చూడ్డం నాకా నేర్పుతావు? కళ్ళారా చూశా."

"మా హీరోని కుడిచేతివాణ్ణి చేస్తావా! మైలన్నా, నువ్వు చెప్పు."

"ఎడమేరా," అంది ఎద్దు నిదానంగా. "పంక్తిలో భోజనం దగ్గర్నుంచి అన్నీ ఎడమే."

"ఎడమే," అంది కుక్క.

నక్క చుట్టూ చూసింది. ఎక్కడ బెడిసిందో దానికి అర్థం కాలేదుగానీ, ఏదో బెడిసిందని మాత్రం తెలిసింది. "సర్లే. సినిమాలో ఎడమేనేమో. పోస్టర్లో కుడిచెయ్యి చూసినట్టు గుర్తు. అదీ ఇదీ కలిసిపోయుంటుంది."

మేకపోతు నమలడం ఆపింది. "ఏ పోస్టరు బావా? నా కడుపులోకొచ్చి చూశావా?"

తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. నక్క మొహం అచ్చం అలాగే అయింది.

అప్పుడు పెట్ట ఎద్దు కాళ్ళ దగ్గరకి జరిగి నిలబడింది.

"నేనూ కుడిచేతిలోనే చూశాను," అంది. అందరూ దానివైపు తిరిగారు. "ఒక్క క్షణం. పిల్లని వెతుకుతూ అటు వెళ్ళినప్పుడు. గుడ్డకి ఇటు ఎడమైతే అటు కుడి. దిబ్బ మీదున్నవాడికి మనలాగే ఎడం కనబడాలి. కుడి కనబడిందంటే డేరాకి ముందువైపున్నాడు. అక్కడ గడ్డివాముంది. నా గూడుంది."

ఇన్నాళ్ళలో అది అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం అదే.

భైరవుడు లేచి నిలబడింది.

"చెల్లెమ్మా," నక్క పెదాలు తడుపుకుంది. "నేను మాంసం మానేసి..."

"ఎప్పట్నుంచి?"

నక్క పిల్లలున్న వైపు చూసింది. అక్కడ మైలెద్దు కాళ్ళు నాలుగు గుంజల్లా ఉన్నాయి. కొమ్ములు కిందికి దిగుతున్నాయి. ఆ ఎద్దు తొందరపడ్డం ఎవరూ అంతకుముందు చూడలేదు.

నక్క ముల్లుగర్ర పారేసి ఒక్క దూకు దూకింది.

"నాకు మొదట్నుంచీ అనుమానమే!" అంటూ భైరవుడు వెంటబడింది.

"విశ్రాంతికే చెప్పావుగా!" అని అరిచింది మేకపోతు, తానూ కొమ్ములు వంచి పరిగెడుతూ.

నక్కకి దారి దొరకలేదు. ఒకవైపు ఎద్దు, ఇంకోవైపు కుక్క. ఎదురుగా తెర. తెర కింద దూరి డేరా లోపలికి పోయింది. అప్పుడే నేలటిక్కెట్టువాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. "నక్కరోయ్!" అని ఒకడు, "కొట్టండ్రా!" అని పదిమంది. చెప్పులు, గొడుగులు, చేతికందినదల్లా గాల్లో లేచింది. నక్క బల్లల కింద దూరి, డేరా తాళ్ళలో చిక్కుకుని, తోకలో సగం బొచ్చు అక్కడే వదిలి, కుంటుకుంటూ చీకటి పడుతున్న పొలాల్లో పడింది. లోపల ఎవడో ఈల వేసి అన్నాడు. "అసలు బొమ్మకంటే ఇదే బాగుందిరా!"

ఆ నక్క మళ్ళీ ఆ పొలిమేర తొక్కలేదు. దూరాన ఎక్కడ మైకు పాట వినబడ్డా తోక కాళ్ళ మధ్య పెట్టుకుంటుందని కాకులు చెప్పుకుంటాయి.

అందరూ పాకకి తిరిగొచ్చారు. మైలెద్దు నిట్టూర్చింది. "అయితే ఆ పెళ్ళివాళ్ళు కుడిచేత్తోనే తిన్నారన్నమాట. పాపం, ఊరికే తిట్టిపోశాను."

"మరి హీరో?" అంది పుంజు నీరసంగా. అది తన ఎడంకాలి వంక కాసేపు చూసుకుంది. తర్వాత పెట్ట పక్కకి వచ్చి నేలకేసి చూస్తూ అంది. "ఇవాళ నాకు సినిమా వద్దు. గూటి గుమ్మంలో నేను పడుకుంటా. నువ్వు లోపల పిల్లల దగ్గరుండు."

"సరే, పద," అంది పెట్ట.

భైరవుడు మూతి వేలాడేసుకుని వెనకాలే వచ్చింది. ఆ కేసు మళ్ళీ తెరుస్తానని అనలేదు. గూటి చుట్టూ ఒకసారి వాసన చూసి, గడ్డివాము పక్కన పడుకుంది. ఈసారి కళ్ళు తెరిచి.

డేరాలో ఆట మొదలైంది. చివరి పిల్ల గూటి గడప దగ్గర ఆగింది. "అమ్మా, నక్కమామ చెప్పిన కథలన్నీ అబద్ధాలా?"

పెట్ట కాస్త ఆలోచించింది. "కథ బాగానే చెప్పాడు. కథ ఎవరైనా బాగానే చెబుతారు. ఎక్కడ నిలబడి చూశావని అడగడం నేర్చుకో."

తర్వాత లోపలికి వెళ్ళి, రెక్క ఎత్తి, ఒక్కొక్కరినీ ముక్కుతో తాకుతూ లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. పక్కన ఇంకొకరికి సరిపడా చోటు మిగిలింది. దాన్ని కూడా రెక్కతో కప్పి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. అయిదు.