ఉన్ని మూటలో ఉన్న పొట్టేలు

శనగ కోసేసిన చేలో మంద పెట్టారు. ఆ మధ్యాహ్నం కాపరులు గొర్రెలన్నిటికీ ఉన్ని కత్తిరించి, మూట కట్టి, తుమ్మచెట్టు కింద పడేశారు. పొద్దు వాలాక కుక్కను వెంటబెట్టుకొని వాగుకు స్నానాలకు పోయారు. గొర్రెలన్నీ ముళ్లకంచె లోపలికి చేరాయి, ఒక్క పొట్టేలు తప్ప. అది మూట పక్కన కూలబడింది.

కంచె వాకిట్లో నిలబడ్డ ముసలి మేకకు పిలిచి పిలిచి గొంతు నొప్పెట్టింది.

"లోపలికి రారా. నక్కలు తిరిగే వేళ."

"ఎవరిని పిలుస్తున్నావు పిన్నీ?"

"నిన్నే."

"నేను మూటలో ఉన్నాను. ఇందాక నీళ్లతొట్టిలో చూశాను, ఎవడో బక్కవాడు. మెడ చూస్తే పుల్లంత. వాడు నేనెలా అవుతాను?"

"పోయిన ఏడూ ఇదే గోల. మరి ఇందాక నా వాటా తుమ్మకాయలు కూడా నమిలిందెవరు, మూటా?"

"అది వేరే సంగతి."

మేక నుదురు గుంజకేసి కొట్టుకుంది.

పొదలో ఇదంతా విన్న నక్క తీరిగ్గా బయటికొచ్చింది. "అల్లుడు అన్నది అక్షరాలా నిజం. అసలు మనిషి మూటలో భద్రంగా ఉన్నాడు. ఇక్కడ మిగిలింది ఉత్త ఒళ్లు. దాన్ని నేను తింటే నీకేం పోయింది అల్లుడూ?"

పొట్టేలు తలూపింది. "ఏమీ పోదు మామా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది మేక. ఇక వాదించే ఓపిక లేదు దానికి. నక్కవైపు తిరిగింది. "తినండి మరి. ముందు చెవితో మొదలుపెట్టండి, లేతగా ఉంటుంది."

చెవి పక్కనే కొమ్ముంటుందన్న సంగతి ఆకలి మీదున్న నక్కకు తట్టలేదు. కసుక్కున కొరికింది.

"అమ్మో, నన్ను కరిచాడు పిన్నీ."

"నిన్నా? మూట కిక్కురుమనలేదే."

పొట్టేలు మూటవంక చూసింది, నక్కవంక చూసింది, తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది. నక్క ఎగిరి ముళ్లకంచెలో పడింది.

"చచ్చాన్రోయ్, నా నడుం," అని మూలిగింది.

"మీరెందుకు చస్తారు? తగిలింది ఉత్త ఒంటికే కదా," అంది మేక.

నక్క కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. పొట్టేలు చెవి వేలాడేసుకొని కంచె వాకిట్లోకి వచ్చింది.

"చలేస్తోంది పిన్నీ."

"ఎవరికి?"

"నాకే."

ఒళ్లు వేరు, నేను వేరు అనే మాట, దెబ్బ పక్కవాడి ఒంటికి తగిలినంతసేపే చెల్లుతుంది.