కోనమ్మ వంతు

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు ఒరిగి పడుకోండి. ఇది ఇప్పటి మాట కాదు, నిన్నటి మాట కాదు. ముసలాళ్ళకి వాళ్ళ ముసలాళ్ళు చెప్పిన మాట.

అప్పుడెప్పుడో, ఒక వాగుకీ ఒక మెట్టకీ నడుమ జీలుగువలస అని ఒక ఊరుండేది. వాగు అవతల పొలాలు, ఈతవనం. ఇవతల ఇళ్ళు. ఇళ్ళ వెనకే రాళ్ళమెట్ట.

ఆ ఊళ్ళో కోనమ్మ అని ఒకామె. ఈతాకు కోసుకొచ్చి చాపలల్లుకుని బతికేది. మొదటి కాన్పు నిలవలేదు. రెండో కాన్పు నిలవలేదు. మూడో కాన్పులో పుట్టిన ఆడపిల్ల కెవ్వుమని ఏడ్చింది, నిలిచింది. గవరమ్మ అని పేరు పెట్టుకుంది. ఆ ఏడే మొగుడు జ్వరమొచ్చి పోయాడు. ఇంక కోనమ్మకి ఉన్నదల్లా ఆ పిల్లే.

పిల్లని నేల మీద నడవనిచ్చేది కాదు. "ముల్లు గుచ్చుకుంటాదమ్మా" అని ఎత్తుకునేది. "రాయి తగుల్తాదమ్మా" అని ఎత్తుకునేది. "కాలు కాల్తాదమ్మా" అని ఎత్తుకునేది. ఈడుపిల్లలంతా మెట్ట మీద కుందేళ్ళలా ఎగురుతుంటే, ఆరేళ్ళ గవరమ్మ తల్లి చంకలోంచి చూస్తుండేది. చేతులు చాచి "అమ్మా, ఎత్తుకో" అంటే చాలు, కోనమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసేది.

ఒకరోజు కోనమ్మకి భుజం పట్టేసింది. ఈతాకు మోపుతో పాటు పిల్లని మోయలేననుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పిల్లని ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఇక్కడే కూకో తల్లీ. కాలు కింద పెట్టకు. నానిట్టే ఎల్లి అట్టే వచ్చేత్తాను."

ఊళ్ళో ఎండ కాస్తోంది. ఎగువ కొండల్లో ఎప్పుడు కురిసిందో వాన, ఎవరికీ తెలీదు. మిట్టమధ్యాహ్నం వాగు ఒక్కసారిగా పొంగింది. పొలాల్లో ఉన్న పెద్దాళ్ళు అవతలే చిక్కుకుపోయారు. ఊళ్ళో ఉన్నది ముసలాళ్ళూ పిల్లలూ. గంగులు అనే ముసలాయన చంటిపిల్లల్ని ఎత్తుకుని కేకేశాడు. "మెట్టెక్కండర్రా!" పిల్లలంతా ఎక్కేశారు.

అవతలి గట్టు మీంచి కోనమ్మకి తన ఇల్లు కనిపిస్తోంది. అరుగు కనిపిస్తోంది. అరుగు మీద పిల్ల కనిపిస్తోంది.

"మెట్టెక్కు తల్లీ!" అని అరిచింది. "దిగి పరిగెత్తు తల్లీ!" అని అరిచింది. "కాలు కింద పెట్టు తల్లీ!" అని గొంతు చిరిగేలా అరిచింది.

పిల్ల అమ్మని చూసింది. రెండు చేతులూ చాచింది.

నీళ్ళు అరుగెక్కాయి.

మూడు రోజులకి వాగు తీసింది. గంగులు వచ్చి కోనమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఎప్పుడూ నీ చంకలోనే ఉంటాది కదమ్మా. నీతోనే ఉందనుకున్నాం" అన్నాడు. కోనమ్మ ఆయన్ని ఒక్క మాటనలేదు. మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడేళ్ళు ఏ పిల్లనీ ముట్టుకోలేదు. చాప అల్లుతూ అల్లుతూ చేతులాపి ఒళ్ళోకి చూసుకునేది. ఒళ్ళో ఈతాకే ఉండేది.

నాలుగో ఏడు మొదలైంది. ఒకనాటి పొద్దున్న కోనమ్మ మెట్టెక్కి పైన నిలబడింది. కింద ఆడుకుంటున్న పిల్లల్ని పిలిచింది.

"రండమ్మా, రండి. నానిక్కడే ఉన్నాను."

పెద్దపిల్లలు సరదాగా ఎక్కారు. మర్నాడు చిన్నపిల్లలూ బయల్దేరారు. ఎవరైనా జారిపడితే కోనమ్మ కిందికి దిగేది కాదు. పైనుంచే అడిగేది. "ఎక్కడ తగిలిందో చూసుకున్నావా? కాలు ఆడతందా? అయితే లెగు." పిల్ల ఏడిస్తే, "ఏడుపొస్తే ఏడు. ఏడుస్తానే ఎక్కు. నానిక్కడే ఉన్నాను" అనేది.

సింహాలు అనే ఆమెకి నాలుగేళ్ళ కూతురుంది, పేరు అచ్చి. ఒకరోజు అచ్చి జారి మోకాలు చీరుకుంది. ఆ ఏడుపు విని సింహాలు ఇంట్లోంచి ఉరికొచ్చింది. పిల్ల నెత్తురు కారుతుంటే పైన కోనమ్మ రాయిలా నిలబడి ఉంది. సింహాలుకి ఒళ్ళు మండిపోయింది.

"నీ కడుపున పుట్టింది కాదనే కదే, అలా చూత్తన్నావు!" అని తిడుతూ, ఆ కోపంలో పిల్లని దాటుకుని మెట్టెక్కింది. పైకెళ్ళి కోనమ్మ రెక్క పట్టి ఇటు తిప్పింది. తిప్పి ఆగిపోయింది.

కోనమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టి ఉన్నాయి. చీర కొంగుతో మణికట్ల దగ్గర బిగించి కట్టి ఉన్నాయి. కట్టిన చోట కమిలిపోయి ఉంది.

"ఇదేటి కోనమ్మప్పా? ఎవలు కట్టినారు?"

"నానే. కొంగుకి ఉచ్చు ముడేసి, ఎనక్కి చేతులు దూర్చి లాగి బిగించుకుంటాను."

"ఎందుకే?"

"ఇప్పితే నా చేతులు ఆగవమ్మా. పరిగెత్తుకెళ్ళి ఎత్తేసుకుంటాయి."

సింహాలు పట్టుకున్న రెక్క వదిలేసింది. అక్కడే ఆమె పక్కన నిలబడింది. కింద అచ్చి తల్లిని చూసి రెండు చేతులూ చాచింది. సింహాలు కదలబోయింది. కోనమ్మ కళ్ళు మూసుకుంది.

"రాయే అచ్చీ" అంది సింహాలు. "నానిక్కడే ఉన్నాను."

అచ్చి చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుంది. తర్వాత ఒక రాయి పట్టుకుంది.

ఆ ఏడు గడిచింది, ఇంకో ఏడు గడిచింది. మళ్ళీ నాట్ల రోజుల్లో పెద్దాళ్ళంతా అవతల పొలాల్లో ఉండగా వాగు పొంగింది. ఈసారి వెనకటి కన్నా పెద్ద పొంగు. గంగులు అప్పటికి లేడు. రోజూ లాగే చేతులు కట్టుకుని మెట్ట మీద నిలబడ్డ కోనమ్మ గొంతొకటే పైనుంచి వినిపించింది. "రండమ్మా, రండి. నానిక్కడే ఉన్నాను."

పెద్దపిల్లలు చంటాళ్ళని వీపుకి కట్టుకుని ఎక్కారు. చిన్నవాళ్ళు నాలుగు కాళ్ళ మీద ఎక్కారు. ముసలాళ్ళని ముందు లాగేవాళ్ళు లాగారు, వెనక తోసేవాళ్ళు తోశారు. అందరికన్నా వెనక అచ్చి. సగం ఎక్కి జారింది. కింద నీళ్ళు ఇళ్ళ కప్పులు తాకుతున్నాయి. అవతలి గట్టు మీద సింహాలు కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

"కాలు ఆడతందా అచ్చీ?" అంది కోనమ్మ.

"ఆడతంది!" అంది అచ్చి ఏడుస్తూ.

"అయితే లెగు."

అచ్చి లేచింది. ఏడుస్తూనే ఎక్కింది. ఎక్కి, వచ్చి, కోనమ్మ ఎదురుగా నిలబడింది.

"మామ్మా, ఎక్కీసినాను. ఇప్పుడు ఎత్తుకో."

కోనమ్మ ముడి విప్పుకోబోయింది. ముడి బిగిసిపోయి రాలేదు. పిల్లలే వెనక్కెళ్ళి విప్పారు. అప్పుడు ఆ పిల్లని ఎత్తుకుంది కోనమ్మ. ఐదేళ్ళ తర్వాత ఒక పిల్ల బరువు ఆమె చేతుల్లో పడింది. వాగు తీసేదాకా, సింహాలు వచ్చేదాకా దించలేదు. సింహాలు వచ్చాక కూడా పిల్లనిమ్మని అడగలేదు, "ఉంచుకో అప్పా, ఇంకాసేపు ఉంచుకో" అంది.

ఆ చలికాలంలోనే కోనమ్మ పోయింది. సగం అల్లిన చాప మీదే ఆమెని మెట్ట మీదికి మోశారు. మోసినవాళ్ళలో పదేళ్ళవాళ్ళు కూడా ఉన్నారట.

ఇప్పటికీ జీలుగువలసలో పిల్ల మొదటిసారి మెట్టెక్కే రోజున తల్లి ముందుగా ఎక్కి పైన నిలబడుతుంది. కొంగుతో చేతులు వెనక్కి కట్టించుకుంటుంది. "నానిక్కడే ఉన్నాను" అని మూడుసార్లు పిలుస్తుంది, ఇంకేమీ అనదు. పిల్ల పైకొచ్చాక తల్లి ముందుగా ఎత్తుకోకూడదు. పిల్లలు లేని ఆడమనిషో, ఉండి పోగొట్టుకున్న ఆడమనిషో వచ్చి ముందు ఎత్తుకుంటుంది. తనివితీరా గుండెకి హత్తుకుని అప్పుడు తల్లికిస్తుంది. దాన్ని కోనమ్మ వంతు అంటారు. ఎంతసేపు ఉంచుకున్నా ఎవరూ తొందరపెట్టరు.

ఒక్కో ఏడు ఊళ్ళో అలాంటి ఆడమనిషి ఎవరూ ఉండరు. అది మంచి ఏడని చెప్పుకుంటారు. ఆ ఏడు కూడా వంతు మానరు. పైకెక్కిన పిల్ల చేతులు చాచి, గాలికి ఎదురుగా, కాసేపు ఒక్కతే నిలబడుతుంది. ఆ కాసేపూ మెట్ట మీద ఎవరూ మాట్లాడరు.