ఆరో పోగు

అనగనగా ఒక సముద్రపు రేవు. ఆ రేవులో ముత్యాలు అనే ఆమె ఉండేది. ఆమె ఎన్నడూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. చేపల్ని వాటాల పోగులుగా పెట్టే ఆమె చెయ్యి, మూడేళ్లుగా, పడవ యజమాని బుల్లెయ్య పోగుల్లోకే పెద్ద చేపల్ని జార్చేది.

వేట ముగిసి పడవ ఒడ్డెక్కగానే పోగులు పెట్టాలి. వేటకెళ్లిన ఆరుగురికి తలా ఒకటి, పడవకొకటి, వలకొకటి. పడవా వలా బుల్లెయ్యవి కనుక వాటి పోగులూ ఆయనవే.

మొదటి ఏడు ఆయన ఇంజను కొన్నాడు, దానికొక పోగు పెట్టమన్నాడు. రెండో ఏడు మంచుపెట్టె తెచ్చాడు, దానికొకటి. మూడో ఏడు చేపల జాడ చూపే యంత్రం వచ్చింది, దానికీ ఒకటి. చేపలు మునుపటికంటే ఎక్కువే పడుతున్నాయి. మనుషుల పోగులు మాత్రం చిక్కిపోయాయి. గొణిగినవాళ్లతో బుల్లెయ్య, సముద్రాల అవతలి రేవుల్లోనూ ఇదే పద్ధతి అనేవాడు. అది అబద్ధమూ కాదు.

ఒకనాడు ఇంజనులో పడి, ఆ ఆరుగురిలో ఒకడైన గంగులు చెయ్యి నలిగింది. పట్నం ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు ఒడ్డున బుల్లెయ్య, "అమ్మీ, వేటకు రానివాడికి పోగేంటి? మనుషులకు ఐదే పెట్టు" అన్నాడు.

గంగులు ఇంట్లో తినేవాళ్లు నలుగురు. కాదంటే ముత్యాలుకి ఈ పని పోతుంది, రోజూ దక్కే బుట్టెడు చేపలూ పోతాయి. అందరూ ఆమె చేతివంకే చూస్తున్నారు. ఆమె బుల్లెయ్య వైపు తిరిగింది.

"మావా, పోయిన వానల్లో పడవ అడుగు పగిలి ఇరవై రోజులు ఒడ్డునే ఉంది. వీళ్లు అద్దె పడవలో వెళ్లారు. అయినా దాని పోగు ఆపామా?"

"బాగుచేయించాలి కదే, ఎలా ఆపుతాం?"

"గంగులు చెయ్యీ బాగవ్వాలి కదా మావా."

"మనం పడవలుగా పుట్టాల్సింది" అన్నాడు వేటవాళ్లలో ముసలివాడైన సన్నాసి.

ముత్యాలు ఆగలేదు. "ఇంకోటి. పెద్ద చేపలన్నీ మావ పోగుల్లోనే వేస్తూ వచ్చాను. ఆయన కన్నుగీటాడు, నేను వేశాను."

పడవవాళ్లు వలలు కింద పెట్టి ఇసుకలో కూర్చున్నారు. బుల్లెయ్య వాళ్లను చూశాడు, పడవను చూశాడు. అది తనంతట తాను కదిలేది కాదు. చివరికి, "ఆరు పెట్టు" అన్నాడు.

ఆరో పోగు గంగులు ఇంటికి చేరింది. రేపటినుంచి పోగులు వేరేవాళ్లు పెడతారని సన్నాసి చెప్పాడు. ముత్యాలు తలూపింది. ఆమె ఒప్పుకున్నది ఒడ్డున అందరూ విన్నారు గానీ, చెయ్యీ నలిగి ఎక్కువ నష్టపోయిన గంగులు ఇంకా వినలేదు. ఇంకొకరి నోట వినకముందే తనే చెప్పాలని, ఆమె ఆసుపత్రికి ఫోను చెయ్యడానికి లేచింది.

పనిముట్టు బాగుకు వాటా తీసేచోట, దాన్ని నడిపే మనిషి బాగుకూ వాటా తియ్యాలి. అదే సరైన పంపకం.